సోదర సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో కోడ్ ప్రతుల గుర్తింపు: పాఠపరిష్కరణ దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఒకే మూలం నుంచి చీలి, వేర్వేరు చేతుల్లో పెరిగిన సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో ఒకే కోడ్ భాగం అనేక చోట్ల నిలిచి ఉంటుంది. ఒక వ్యవస్థలో దిద్దిన దోషం దాని సోదర వ్యవస్థలో దిద్దుబాటుకు నోచుకోకుండా మిగిలిపోవచ్చు. ఇలాంటి కోడ్ ప్రతులు ఎలా ఏర్పడతాయో, ఎన్ని రకాలో, వాటిని ఏ పద్ధతులతో గుర్తిస్తారో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు పరిశోధకులకు పరిచితమైన పాఠపరిష్కరణ భావనలను ఇందుకు ఆధారం చేసుకుంటుంది. రెండు పాఠాలు ఎక్కడ కలుస్తున్నాయన్నదాని కంటే, కలుస్తూ కలుస్తూ ఎక్కడ విడిపోతున్నాయన్నదే ఈ అన్వేషణలో విలువైన సమాచారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సోర్స్ కోడ్, కోడ్ ప్రతి, సోదర వ్యవస్థలు, పాఠపరిష్కరణ, పాఠభేదం, సమానదోషం, టోకెన్, వేలిముద్ర పద్ధతి.

1. ఉపోద్ఘాతం:

ముద్రణ రాకముందు ఒక కావ్యం పదిమందికి చేరాలంటే ప్రతి రాయించుకోవడమే మార్గం. ప్రతి రాసే లేఖకుడు మాతృకలోని గుణాలతో పాటు దోషాలనూ దించుకునేవాడు. తన వంతుగా కొన్ని కొత్త దోషాలు చేర్చేవాడు. ఒక పండితుడు తన దగ్గరున్న తాళపత్ర ప్రతిలో తప్పు దిద్దుకుంటే, ఆ దిద్దుబాటు ఆ ఒక్క ప్రతికే పరిమితమయ్యేది. అదే మాతృక నుంచి పుట్టి మరో ఊళ్లో ఉన్న ప్రతిలో ఆ తప్పు అలాగే ఉండిపోయేది. అందువల్లనే పరిష్కర్తలు దొరికినన్ని ప్రతులను సేకరించి, పంక్తికి పంక్తి పోల్చి, పాఠభేదాలను నమోదు చేశారు. సి.పి. బ్రౌన్ తన పండితుల చేత చేయించిన పని ఇదే. వి.ఎస్. సుక్థంకర్ ప్రధాన సంపాదకత్వంలో పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ సంస్కృత మహాభారతానికి చేసిన పరిష్కరణలో తెలుగు, గ్రంథ, మలయాళ లిపుల్లోని ప్రతులు దాక్షిణాత్య పాఠానికి ఆధారాలుగా నిలిచాయి.

కంప్యూటర్‌కు ప్రోగ్రామర్లు రాసే సూచనల పాఠాన్ని 'సోర్స్ కోడ్' అంటారు. యంత్రం అమలు చేసే రూపంలోకి మారకముందు అది మనుషులు రాసి, చదివి, దిద్దుకునే పాఠమే. అందులోనూ ప్రతిలేఖనం ఉంది. ఇప్పటికే పనిచేస్తున్న కోడ్‌ను నకలు చేసి, అవసరమైనంత మేరకు మార్చుకోవడం ప్రోగ్రామర్ల నిత్యకృత్యం. ఇలా నకలైన భాగాలను సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ శాస్త్రం 'కోడ్ క్లోన్' అని వ్యవహరిస్తుంది. ఈ వ్యాసంలో వాటిని 'కోడ్ ప్రతులు' అని పేర్కొనడం జరిగింది.

ఒకే వ్యవస్థలోని ప్రతులను ఆ వ్యవస్థ నిర్వాహకులు కాలక్రమంలో గుర్తించగలరు. ప్రతి మరో వ్యవస్థలోకి వెళ్లినప్పుడు అక్కడి నిర్వాహకులు వేరు, దిద్దుబాటు పద్ధతులు వేరు. మూలంలో తప్పు బయటపడిందన్న వార్త కూడా వారికి చేరకపోవచ్చు. అందుకే వ్యవస్థల మధ్య ప్రతులను వెతకడం ప్రత్యేక పరిశోధనాంశమైంది.

2. సోదర వ్యవస్థలు ఏర్పడే తీరు:

సాఫ్ట్‌వేర్ వ్యవస్థల మధ్య బంధుత్వం ప్రధానంగా మూడు విధాలుగా కలుగుతుంది. మొదటిది చీలిక. ఒక వ్యవస్థ మొత్తాన్ని నకలు చేసుకుని కొందరు వేరుగా అభివృద్ధి చేస్తారు. రెండవది ఎరువు. ఏదో ఒక పనికి ఉపయోగపడే కోడ్ భాగాన్ని మరో వ్యవస్థ నుంచి తెచ్చి తమదానిలో కలుపుకుంటారు. మూడవది రూపాంతరం. ఒకే సంస్థ తన ఉత్పత్తిని వేర్వేరు వినియోగదారుల కోసం, వేర్వేరు యంత్రాల కోసం నకలు చేసి కొద్దికొద్దిగా మారుస్తుంది.

చీలికకు ప్రసిద్ధమైన ఉదాహరణ బీఎస్డీ కుటుంబం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూనిక్స్ ఆధారంగా పెరిగిన ఈ వ్యవస్థ నుంచి 386బీఎస్డీ వచ్చింది. దాని నుంచి 1993లో నెట్‌బీఎస్డీ, ఫ్రీబీఎస్డీ అనే రెండు శాఖలు పుట్టాయి. 1995లో నెట్‌బీఎస్డీ నుంచి ఓపెన్‌బీఎస్డీ చీలింది. ఈ మూడూ నేటికీ సజీవంగా ఉన్నాయి. పాఠపరిష్కర్తల పరిభాషలో చెప్పాలంటే ఇది పూర్తిగా తెలిసిన వంశవృక్షం.

అయితే ఈ వృక్షంలో శాఖలు చీలిపోయి ఊరుకోలేదు. ఒక శాఖలో రాసిన కొత్త భాగాన్ని మరో శాఖ తెచ్చుకోవడం నిరంతరం సాగుతూ వచ్చింది. వ్రాతప్రతుల్లో ఒక లేఖకుడు రెండు మాతృకలను ముందు పెట్టుకుని రాస్తే ఏర్పడే పాఠసాంకర్యం వంటిదే ఇక్కడా కనిపిస్తుంది. ఫ్రీబీఎస్డీలో ఒక మార్పును నమోదు చేసేటప్పుడు అది ఎక్కడి నుంచి తెచ్చిందో చెప్పడానికి ఒక ప్రత్యేక పంక్తి ఉంటుంది. కొన్ని ఫైళ్ల తలభాగంలో సోదర వ్యవస్థ పేరున్న గుర్తింపు పంక్తి కూడా అలాగే నిలిచి ఉంటుంది. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు తన పేరూ, మాతృక వివరమూ రాసుకున్నట్లే ఇవి పరిశోధకుడికి దారి చూపుతాయి. కానీ అందరు లేఖకులూ ఆ వివరాలు రాయలేదు. అందరు ప్రోగ్రామర్లూ రాయరు.

3. కోడ్ ప్రతుల రకాలు:

2007లో చంచల్ రాయ్, జేమ్స్ కార్డీ ఈ రంగంపై చేసిన సమీక్షలో కోడ్ ప్రతులను నాలుగు రకాలుగా వివరించారు. ఈ విభజన నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ఒక చిన్న ఉదాహరణతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఒక తరగతి తెలుగు మార్కుల సగటును లెక్కించే కోడ్ ఇలా ఉందనుకోవచ్చు:

మొత్తం = 0
ప్రతి విద్యార్థికీ: మొత్తం = మొత్తం + తెలుగు_మార్కులు
తెలుగు_సగటు = మొత్తం ÷ విద్యార్థుల_సంఖ్య

మొదటి రకం: ఖాళీలు, పంక్తి విరుపులు, వ్యాఖ్యలు తప్ప మిగిలినదంతా యథాతథంగా ఉన్న ప్రతి. పై మూడు పంక్తుల మధ్య ఒక ఖాళీ పంక్తి చేర్చినా, పక్కన ఒక వివరణ రాసినా అది ఈ రకమే.

రెండవ రకం: నిర్మాణం అదే ఉండి పేర్లు, సంఖ్యలు మాత్రమే మారిన ప్రతి. 'తెలుగు_మార్కులు' స్థానంలో 'చరిత్ర_మార్కులు', 'తెలుగు_సగటు' స్థానంలో 'చరిత్ర_సగటు' అని మారిస్తే ఈ రకం ఏర్పడుతుంది.

మూడవ రకం: పేర్ల మార్పుతో పాటు కొన్ని పంక్తులు చేరిన, తొలగిన లేదా మారిన ప్రతి. 'పరీక్షకు రాని విద్యార్థిని లెక్కలోకి తీసుకోవద్దు' అనే షరతును మధ్యలో చేర్చడం ఇందుకు ఉదాహరణ.

నాలుగవ రకం: చేసే పని ఒకటే అయినా రాసిన తీరు పూర్తిగా వేరైన భాగాలు. మార్కులన్నిటినీ ఒకేసారి కూడే సిద్ధసూత్రాన్ని పిలిచి సగటు తీస్తే ఫలితం అదే, పాఠం మాత్రం వేరు.

మొదటి మూడు రకాలు పాఠసామ్యానికి, నాలుగవది అర్థసామ్యానికి సంబంధించినవి. ఒకే కథను ఇద్దరు కవులు వేర్వేరుగా రాస్తే వాటిని ఒకే గ్రంథానికి చెందిన రెండు ప్రతులని ఏ పరిష్కర్తా అనడు. అదే రీతిలో నాలుగవ రకాన్ని అసలు 'ప్రతి' అనవచ్చా అన్న చర్చకు అవకాశం ఉంది. సోదర వ్యవస్థల అధ్యయనంలో ఎక్కువగా ఎదురయ్యేవి, పాఠకుడి దృష్టిని తేలిగ్గా తప్పించుకునేవి రెండు, మూడు రకాలు.

4. గుర్తించే పద్ధతులు:

4.1 పంక్తుల పోలిక: రెండు ఫైళ్లను పంక్తికి పంక్తి పోల్చి తేడాలను చూపే 'డిఫ్' అనే ఉపకరణం 1970ల నాటి యూనిక్స్‌లోనే ఉంది. రెండు పాఠాలకూ ఉమ్మడిగా ఉన్న అతి పొడవైన పంక్తుల క్రమాన్ని కనుగొని, మిగిలినవాటిని భేదాలుగా చూపడం దాని సూత్రం. ఏ ఫైలును ఏ ఫైలుతో పోల్చాలో ముందే తెలిసినప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. పేర్లు మారితే మాత్రం ప్రతి పంక్తీ భేదంగానే కనిపిస్తుంది.

4.2 టోకెన్ల పోలిక: ప్రోగ్రామింగ్ భాషలోని కనిష్ఠ పదాంశాన్ని 'టోకెన్' అంటారు. పేరు, సంఖ్య, గుర్తు వంటివి టోకెన్లు. ఈ పద్ధతిలో ప్రతి పేరునూ 'పేరు' అనే ఒకే సంకేతంగా మారుస్తారు. అప్పుడు పై ఉదాహరణలోని రెండవ పంక్తిలో కూడిక భాగం, విషయం తెలుగైనా చరిత్ర అయినా, 'పేరు = పేరు + పేరు' అనే రూపం దాలుస్తుంది. రెండవ రకం ప్రతులు ఇలా బయటపడతాయి. బెల్ ప్రయోగశాలల్లో బ్రెండా బేకర్ 1990ల తొలినాళ్లలో పేర్ల మార్పును లెక్కలోకి తీసుకునే పోలిక విధానాన్ని రూపొందించారు. 2002లో కామియా, కుసుమొతో, ఇనోవే 'సీసీఫైండర్' అనే ఉపకరణాన్ని వివరించారు. ఫ్రీబీఎస్డీ, నెట్‌బీఎస్డీ, లినక్స్ వ్యవస్థలను దానితో పోల్చినప్పుడు మొదటి రెండింటి మధ్య విస్తారమైన సామ్యం, లినక్స్‌తో స్వల్పమైన సామ్యం కనిపించింది. చరిత్ర ద్వారా తెలిసిన వంశవృక్షాన్ని పాఠమే స్వయంగా ధ్రువీకరించిందన్నమాట.

4.3 నిర్మాణ వృక్షాల పోలిక: వాక్యాన్ని కర్త, కర్మ, క్రియలుగా విశ్లేషించినట్లే కోడ్‌ను కూడా వ్యాకరణం ప్రకారం వృక్షరూపంలో విశ్లేషించవచ్చు. ఇరా బాక్స్‌టర్, ఆయన సహచరులు 1998లో ఇలాంటి వృక్షాల ఉపశాఖలను పోల్చే పద్ధతిని ప్రతిపాదించారు. టోకెన్ల పోలిక ఒక వాక్యం సగం నుంచి మరో వాక్యం సగం వరకూ సామ్యం చూపే ప్రమాదం ఉంది. వృక్షాల పోలికలో దొరికేది ఎప్పుడూ పూర్తి అంశమే. అయితే ఇందుకు ప్రతి ప్రోగ్రామింగ్ భాషకూ ప్రత్యేక వ్యాకరణ విశ్లేషకం కావాలి.

4.4 ఆధారసంబంధాల పోలిక: ఒక పంక్తి ఫలితం ఏ పంక్తిపై ఆధారపడిందో రేఖలతో చూపే చిత్రాన్ని నిర్మించి, ఆ చిత్రాలను పోల్చడం మరో మార్గం. 2001లో కొమొండూర్, హార్విట్జ్‌లు ఒక వైపు, క్రింకే మరో వైపు ఈ మార్గంలో పరిశోధన చేశారు. పంక్తుల వరుస మారినా, మధ్యలో సంబంధం లేని పంక్తులు చేరినా ఇది గుర్తించగలదు. గణన భారం మాత్రం చాలా ఎక్కువ.

4.5 వేలిముద్రలు: పోల్చవలసిన పాఠం పెరిగేకొద్దీ జతల సంఖ్య అపారమవుతుంది. పదేసి వేల ఫైళ్లున్న రెండు వ్యవస్థల్లో ప్రతి ఫైలునూ ప్రతి ఫైలుతో పోల్చాలంటే 10 కోట్ల జతలు ఏర్పడతాయి. దీనికి పరిష్కారంగా పాఠాన్ని నిర్ణీత పొడవున్న చిన్న ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కకు ఒక సంఖ్యను గణిస్తారు. ఒకే ముక్కకు ఎప్పుడూ ఒకే సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యల్లో కొన్నింటిని మాత్రమే ఎంచుకుని ఆ ఫైలుకు వేలిముద్రలుగా దాచుకుంటారు. ఆపై పాఠాలను కాక వేలిముద్రలను పోలిస్తే చాలు. విద్యార్థుల ప్రోగ్రాముల్లో నకళ్లను పట్టడానికి వాడే 'మాస్' అనే ఉపకరణం ఈ సూత్రంపై ఆధారపడింది. వేలిముద్రల ఎంపికకు 2003లో ష్లైమర్, విల్కర్సన్, ఐకెన్ వివరించిన నియమం సరళమైనది. వరుసగా ఉన్న కొన్ని సంఖ్యలను ఒక కిటికీగా తీసుకోవాలి. ప్రతి కిటికీలోనూ అతి చిన్న సంఖ్యను ఎంచుకోవాలి. ముక్క పొడవు 5 అక్షరాలు, కిటికీ పరిమాణం 4 సంఖ్యలు అయితే, 8 అక్షరాలు లేదా అంతకుమించి ఉన్న ఏ సామ్యమూ తప్పించుకోదని గణితపరంగా హామీ లభిస్తుంది.

5. పోలికలో ఎదురయ్యే చిక్కులు:

5.1 పరిమితి నిర్ణయం: ఎంత పొడవు కలిస్తే దాన్ని ప్రతిగా భావించాలి? పరిమితి చిన్నదైతే యాదృచ్ఛిక సామ్యాలు గుట్టగా వచ్చిపడతాయి. పెద్దదైతే చిన్న ప్రతులు జారిపోతాయి. ఈ సమస్య సిద్ధాంతవ్యాసాల పరిశీలనలోనూ ఉంది. గ్రంథచౌర్య నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీ చేసిన నిబంధనల్లో, సర్వసాధారణ విషయాలు లేదా యాదృచ్ఛికంగా కలిసిన పదాలు వరుసగా 14 వరకు ఉంటే వాటిని సామ్యం లెక్క నుంచి మినహాయించారు. అంకె ఏదైనా దాని వెనుక ఉన్నది విద్వత్ నిర్ణయమే కానీ సహజసూత్రం కాదు. కోడ్ ప్రతుల పరిశోధనలో టోకెన్ల కనిష్ఠ సంఖ్య విషయమూ అంతే. అందువల్ల ఒక ఉపకరణం చెప్పే శాతాన్ని దాని పరిమితి తెలుసుకోకుండా మరో ఉపకరణపు శాతంతో పోల్చడం సమంజసం కాదు.

5.2 నిరర్థక సామ్యం: కావ్యాల్లో అవతారిక, ఆశ్వాసాంత గద్య వంటి భాగాల్లో రూఢమైన పలుకుబళ్లు ఉంటాయి. ప్రతి ఫైలు తలభాగంలో ఉండే హక్కుల ప్రకటన, యంత్రం స్వయంగా ఉత్పత్తి చేసిన కోడ్, భాషా నియమం వల్ల అందరూ ఒకేలా రాయక తప్పని పంక్తులు అలాంటివే. వీటిని ముందుగా తొలగించకపోతే ఫలితం విశ్వసనీయం కాదు. యథాతథ సామ్యం ఎంత విస్తారమో తెలియడానికి 2017లో లోపెస్, సహపరిశోధకులు 'గిట్‌హబ్' నిలయంపై చేసిన అధ్యయనం చూడవచ్చు. చీలికలుగా నమోదు కాని 45 లక్షల ప్రాజెక్టుల్లో, నాలుగు ప్రోగ్రామింగ్ భాషలకు చెందిన 42.8 కోట్లకు పైగా ఫైళ్లను పరిశీలిస్తే వాటిలో విశిష్టమైనవి 8.5 కోట్లు మాత్రమే అని తేలింది.

5.3 ఎవరిది మూలం: రెండు చోట్ల ఒకే పాఠం కనిపిస్తే ఏది మాతృక, ఏది ప్రతి అన్న ప్రశ్న వస్తుంది. లేక రెండింటికీ మూడవ మూలం ఉందా? ఇక్కడ పాఠపరిష్కరణలోని సమానదోష సూత్రం ఉపకరిస్తుంది. రెండు ప్రతుల్లో సరైన పాఠం ఒకటిగా ఉండటం బంధుత్వానికి బలమైన రుజువు కాదు. ఎందుకంటే సరైనది ఎవరైనా స్వతంత్రంగా రాయగలరు. ఒకే అసహజమైన తప్పు రెండింటిలోనూ ఉంటే అవి ఒకే మూలం నుంచి వచ్చాయని చెప్పవచ్చు. కోడ్‌లోనూ వ్యాఖ్యలోని ఒకే అక్షరదోషం, ఎక్కడా వాడని ఒకే పేరు, అనవసరమైన ఒకే పంక్తి బంధుత్వానికి ప్రబలసాక్ష్యాలు.

ఈ ప్రశ్న న్యాయస్థానాల వరకూ వెళ్లిన సందర్భాలున్నాయి. బర్క్‌లీ వ్యవస్థలో తమ యూనిక్స్ కోడ్ ఉందంటూ 1992లో యూనిక్స్ సిస్టమ్ లేబొరేటరీస్ వేసిన దావా 1994లో రాజీతో ముగిసింది. వివాదంలో ఉన్న విడుదలలోని సుమారు 18,000 ఫైళ్లలో తొలగించవలసి వచ్చినవి 3 మాత్రమే. మరి కొన్నింటిలో స్వల్ప మార్పులు, సుమారు 70 ఫైళ్లలో హక్కుల ప్రకటన చేర్చడంతో వివాదం సమసింది. నకలు ఉందని ఆరోపించడానికీ, ఏ ఫైలులో ఎంత మేరకు ఉందో చూపడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ ఉదంతం తెలుపుతుంది.

6. దోషం ప్రయాణించే తీరు:

6.1 లేఖకదోషం: ప్రతి రాసేటప్పుడే పుట్టే దోషం ఇది. పై ఉదాహరణలో చరిత్ర సగటు కోసం నకలు చేసిన ప్రోగ్రామర్ రెండవ పంక్తిలో పేరు మార్చి, మూడవ పంక్తిలో 'తెలుగు_సగటు' అనే పేరును అలాగే వదిలేశాడనుకుంటే, చరిత్ర సగటు ఎక్కడా నమోదు కాదు. అంతకుముందు సరిగా లెక్కించిన తెలుగు సగటు కూడా చెరిగిపోతుంది. ప్రోగ్రామ్ ఆగదు, హెచ్చరిక రాదు. ఫలితం మాత్రం తప్పు.

ఇది ఊహాజనితం కాదు. లినక్స్ 2.6.6లో స్పార్క్64 యంత్రాలకు సంబంధించిన జ్ఞాపకశక్తి ఫైలులో ఇలాంటి దోషమే బయటపడింది. ఒక పట్టికను నింపే ఆవృత్తిని మరో పట్టిక కోసం నకలు చేసి, మిగిలిన చోట్ల పేరు మార్చి, ఒకచోట పాత పట్టిక పేరును మరిచారు. 2004లో ఝెన్‌మిన్ లీ, షాన్ లూ, సువ్దా మ్యాగ్మార్, యువాన్‌యువాన్ ఝౌ రూపొందించిన 'సీపీ-మైనర్' దీన్ని గుర్తించింది. అది పాటించిన తర్కం పాఠపరిష్కర్తకు వెంటనే బోధపడుతుంది. నకలులో ఒక పేరును అన్ని చోట్లా మారిస్తే అది ఉద్దేశపూర్వకం. ఎక్కడా మార్చకపోయినా ఉద్దేశపూర్వకమే. కొన్ని చోట్ల మార్చి కొన్ని చోట్ల మార్చకపోతే అది అనుమానాస్పదం. ఈ తర్కంతో ఆ ఉపకరణం నాటి లినక్స్‌లో 28, ఫ్రీబీఎస్డీలో 23 నకలు దోషాలను పట్టుకుంది. వాటిలో అధికభాగం అంతకుముందు ఎవరూ నివేదించనివి.

6.2 వారసత్వదోషం: మాతృకలోనే ఉన్న దోషం ప్రతులన్నిటికీ సంక్రమించడం రెండవ విధం. దత్తాంశాన్ని కుదించే 'జీలిబ్' అనే కోడ్ సంపుటి చిన్నది, ఉచితమైనది కావడంతో అసంఖ్యాక వ్యవస్థలు దాన్ని ఎరువు తెచ్చుకున్నాయి. 2002 మార్చిలో దాని 1.1.3 కూర్పులో ఒక భద్రతాదోషం వెల్లడైంది. ఒకసారి విడిచిపెట్టిన జ్ఞాపకస్థానాన్ని మళ్లీ విడిచిపెట్టడం ఆ దోషం. 1.1.4 కూర్పులో దాన్ని దిద్దారు. సంపుటిని ఉమ్మడిగా వాడుకుంటున్న ప్రోగ్రాములకు ఆ ఒక్క కూర్పును మార్చుకుంటే సరిపోయింది. దాని కోడ్‌ను తమలో నకలు చేసుకున్నవాటిని ఒక్కొక్కటిగా వెతికి దిద్దవలసి వచ్చింది. లినక్స్ కెర్నెల్‌లో కూడా దాని నకలు ఉండేది. డెబియన్ భద్రతా బృందం ఏ సాఫ్ట్‌వేర్‌లో దేని నకలు పొదిగి ఉందో చెప్పే జాబితాను నిర్వహించడానికి కారణం ఇలాంటి అనుభవాలే.

చేత్తో రాసే జాబితా ఎంత శ్రద్ధగా రాసినా అసంపూర్ణమే. 2012లో జాంగ్, అగ్రవాల్, బ్రమ్లీ రూపొందించిన 'రీడీబగ్' ఈ పనిని తలకిందులుగా చేసింది. నకళ్లన్నిటినీ వెతకడానికి బదులు అది దిద్దుబాట్ల నుంచి బయలుదేరుతుంది. ఒక దిద్దుబాటులో ఏ పంక్తులను తొలగించారో చూస్తే దోషమున్న పాత పాఠం తెలుస్తుంది. ఆ పాత పాఠం ఇంకా ఎక్కడ నిలిచి ఉందో వెతకాలి. 210 కోట్లకు పైగా పంక్తుల కోడ్‌లో 376 భద్రతా దిద్దుబాట్ల ఆధారంగా వెతికితే, దిద్దుబాటు చేరని నకళ్లు 15,546 కనిపించాయి. నాటి డెబియన్ కూర్పులో వాటిలో 145 నిజమైన దోషాలేనని ధ్రువీకరించారు. దొరికిన ప్రతి నకలూ ప్రమాదకరం కాదన్నది ఇక్కడ గమనార్హం. దోషమున్న పంక్తి ఉన్నా ఆ మార్గంలోకి ఆ ప్రోగ్రామ్ ఎన్నడూ వెళ్లకపోవచ్చు. యంత్రం చూపేది అనుమానం మాత్రమే. నిర్ధారణకు చదువరి కావాలి.

6.3 ఉమ్మడి భాగంలో దోషం: తెలుగు లిపితోనే ముడిపడిన ఒక ఉదంతం ఈ అంశాన్ని మరో వైపు నుంచి చూపుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరక్రమం ఆపిల్ పరికరాల్లోని అనువర్తనాలను స్తంభింపజేస్తున్నట్లు ప్రపంచవ్యాప్తంగా వార్తలు వచ్చాయి. 'జ' అక్షరం, పొల్లు, 'ఞ' అక్షరం, అక్షరాలను విడదీసే అదృశ్య సంకేతం, దీర్ఘం వరుసగా రావడం ఆ క్రమం. అక్షరాలను తెరపై కూర్చే 'కోర్‌టెక్స్ట్' అనే భాగంలో దోషం ఉంది. ఫోన్, కంప్యూటర్, చేతిగడియారం, టెలివిజన్ పెట్టెల కోసం ఆ సంస్థ నడిపే నాలుగు వ్యవస్థల్లోనూ అదే దోషం ఉన్నందున, ఫిబ్రవరి 19న నాలుగింటికీ ఒకేరోజు దిద్దుబాట్లు విడుదలయ్యాయి. సోదర వ్యవస్థలు ఒకే యాజమాన్యంలో ఉండి, ఉమ్మడి భాగం ఏదో స్పష్టంగా తెలిసినప్పుడు దిద్దుబాటు ఇలా ఏకకాలంలో చేరగలదు. యాజమాన్యాలు వేరై, నకలు జాడ తెలియనప్పుడు ఈ సౌలభ్యం ఉండదు.

7. ప్రతి దొరికిన తరువాత:

నకలు కోడ్ అంటేనే దోషమని, దొరికిన చోటల్లా తొలగించి ఒకే భాగంగా కలపాలని చాలాకాలం భావించారు. 2006లో కోరీ కాప్సర్, మైకేల్ గాడ్‌ఫ్రీ ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించారు. రెండు యంత్రపరికరాలు ఒకదానినొకటి పోలి ఉండి కొద్దిగా భిన్నమైనప్పుడు, ఒకదాని కోడ్‌ను నకలు చేసి రెండవదానికి తగినట్లు మార్చుకోవడమే సురక్షితం కావచ్చు. రెండింటినీ కలిపి రాస్తే, ఒకదాని కోసం చేసిన మార్పు రెండవదాన్ని చెడగొట్టే ప్రమాదం ఉంది. రెండు శాఖలుగా స్థిరపడిన పాఠాలను బలవంతంగా కలిపి రెండింటిలోనూ లేని మిశ్రమ పాఠాన్ని సృష్టించకూడదన్న పరిష్కర్తల జాగ్రత్త ఇక్కడ గుర్తుకు వస్తుంది.

బీఎస్డీ కుటుంబపు 18 ఏళ్ల చరిత్రను బైషాఖీ రాయ్, మిర్యుంగ్ కిమ్ 2012లో విశ్లేషించారు. సోదర వ్యవస్థల మధ్య మార్పులను చేరవేయడానికి గణనీయమైన శ్రమ పడుతోందని, కాలం గడిచినంత మాత్రాన ఆ శ్రమ తగ్గడం లేదని వారు చూపారు. చురుకైన ప్రోగ్రామర్లలో చెప్పుకోదగిన భాగం ఈ పనిలో పాలుపంచుకుంటున్నారు. అదే అధ్యయనంలో మరో ఆసక్తికరమైన విషయం ఉంది. సోదర వ్యవస్థ నుంచి తెచ్చిన మార్పుల్లో, స్వయంగా చేసిన మార్పుల కంటే దోషాలు తక్కువగా కనిపించాయి. ఒకచోట పరీక్షకు నిలిచిన పాఠాన్ని తెచ్చుకోవడం వల్ల ఈ మేలు కలిగిందని భావించవచ్చు.

కాబట్టి ప్రతి దొరికినప్పుడు పరిశీలకుడి ముందు మూడు మార్గాలుంటాయి. రెండు భాగాలూ ఎప్పుడూ కలిసే మారుతున్నట్లయితే వాటిని ఒకటిగా చేసి ఉమ్మడిగా వాడుకోవచ్చు. వేర్వేరు అవసరాల కోసం వేర్వేరుగా మారుతున్నట్లయితే విడిగానే ఉంచి, వాటి బంధుత్వాన్ని నమోదు చేయాలి. అప్పుడు ఒకదానిలో దిద్దుబాటు జరిగినప్పుడల్లా రెండవదాన్ని చూడాలన్న ఎరుక ఉంటుంది. సామ్యం యాదృచ్ఛికమైతే వదిలేయాలి. ఈ మూడింటిలో ఏది తగినదో తేల్చేది సామ్యశాతం కాదు, ఆ రెండు భాగాల మధ్య కాలక్రమంలో ఏర్పడిన భేదాల స్వభావం.

8. ముగింపు:

• సోర్స్ కోడ్ కూడా ప్రతిలేఖనం ద్వారా వ్యాపించే పాఠమే. చీలిక, ఎరువు, రూపాంతరం అనే మూడు మార్గాల్లో వ్యవస్థల మధ్య ప్రతులు ఏర్పడతాయి.

• పంక్తులు, టోకెన్లు, నిర్మాణ వృక్షాలు, ఆధారసంబంధాలు, వేలిముద్రలు ఆధారంగా ప్రతులను గుర్తించవచ్చు. ఒక్కో పద్ధతికి ఒక్కో రకం ప్రతి తేలికగా దొరుకుతుంది. అన్నిటినీ పట్టే పద్ధతి ఒక్కటీ లేదు.

• ఉపకరణం చెప్పే సామ్యశాతానికి దాని పరిమితుల నుంచి విడిగా అర్థం లేదు. సిద్ధాంతవ్యాసాల సామ్యనివేదికలను చదివే పరిశోధకులు, పర్యవేక్షకులు కూడా ఈ విషయాన్ని గమనించాలి.

• బంధుత్వ నిర్ణయానికి సమానదోషం, ప్రమాద నిర్ణయానికి అసమాన దిద్దుబాటు ప్రధాన ఆధారాలు. ఒక ప్రతిలో దిద్దినది మరో ప్రతిలో దిద్దకపోవడమే సోదర వ్యవస్థల్లో వెతకవలసిన మొదటి అంశం.

• యంత్రం కోట్ల పంక్తులను నిమిషాల్లో పోల్చగలదు. ఆ భేదం దోషమా, అవసరమా అన్నది తేల్చడానికి పాఠాన్ని, దాని చరిత్రను కలిపి చదవగల పాఠకుడు కావాలి. పాఠపరిష్కరణలో తర్ఫీదు పొందినవారికి ఈ విధమైన చదువు కొత్తది కాదు. తెలుగు శాఖలు, కంప్యూటర్ శాస్త్ర శాఖలు కలిసి పరిశోధన చేయడానికి ఇది యోగ్యమైన క్షేత్రం.